ఆకాశంలో దారులు ఎందుకు మూతపడతాయి?

మీ స్కూల్లో గ్లోబు ఉంటుంది కదా, దాన్ని ఒకసారి ముందు పెట్టుకోండి. ఒక దారం ముక్క కూడా తెచ్చుకోండి. దారం ఒక కొస సింగపూరు మీద, రెండో కొస అమెరికాలోని న్యూయార్కు మీద ఆనించి బిగుతుగా లాగండి. దారం ఎటు పోయిందో చూశారా? తూర్పుకీ పోలేదు, పడమరకీ పోలేదు. ఉత్తర ధ్రువం దాకా ఎక్కి, అవతలి వైపు దిగింది. గోడకు తగిలించిన పటం చూస్తే ఈ సంగతి ఎంతమాత్రం తెలియదు. ఆ దారం పొడవు అసలు భూమి మీద సుమారు 15,300 కిలోమీటర్లు. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా దగ్గరి దారి 20,000 కిలోమీటర్లకు మించదు. అంతకంటె దూరం పోవడానికి భూమి మీద చోటే లేదు. కనక ఈ రెండు ఊళ్ళూ దాదాపు ఒకదానికొకటి అవతలి ఒడ్డున ఉన్నట్టే.

ఈ దూరాన్ని మధ్యలో ఎక్కడా దిగకుండా దాటే సర్వీసును సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారు 2004 జూన్‌లో మొదలుపెట్టారు. అవతల దిగేది న్యూయార్కును ఆనుకుని ఉన్న న్యూఅర్క్ విమానాశ్రయంలో. ప్రయాణం సుమారు 18 గంటలు. అప్పట్లో ప్రపంచం మొత్తం మీద అంతకంటె పొడుగైన సర్వీసు లేదు. 2013 నవంబరులో దాన్ని ఎత్తేశారు. 2018 అక్టోబరులో మళ్ళీ మొదలుపెట్టారు. అదే కంపెనీ, అవే రెండు ఊళ్ళు, అవే విమానాశ్రయాలు. మధ్యలో గడిచిన అయిదేళ్ళలో దూరం ఒక్క అడుగు కూడా తగ్గలేదు. మరి ఏం మారింది?

మీ ఊరికి వచ్చే ఆర్టీసీ బస్సును రద్దు చేశారనుకోండి. ఎందుకని అడిగితే డిపో వారు "కలెక్షన్ లేదు" అంటారు. అంటే ఎక్కేవాళ్ళు లేరని అర్థం. విమానాల సంగతి కూడా ఇంతేనని చాలామంది అనుకుంటారు. కాని ఖండాలు దాటే దూరాల్లో ఒక తమాషా ఉంది. అక్కడ విమానం నిండా జనం ఉన్నా నష్టం రావచ్చు. బస్సుకు లేని బాధ ఒకటి విమానానికి ఉంది. అదేమిటో ముందు తెలుసుకుందాం.

మేత మోసే బండి

పూర్వం ఎడ్లబండి కట్టుకుని దూరాభారం పోయేవాళ్ళు దారిలో గడ్డి దొరకదనుకుంటే బండిలో ఎడ్లకు మేత కూడా వేసుకునేవారు. ఒక పూట ప్రయాణానికి ఒక మోపు గడ్డి చాలు. వారం రోజుల ప్రయాణమైతే? గడ్డి బరువు పెరుగుతుంది. ఆ బరువు లాగాలంటే ఎడ్లు ఇంకా ఎక్కువ కష్టపడాలి, ఇంకా ఎక్కువ తినాలి. ఆ ఎక్కువ తిండి కూడా బండిలోనే వెయ్యాలి. ఇలా పోతూ ఉంటే చివరికి బండిలో ధాన్యం బస్తాలకు చోటుండదు. బండి తన మేతను తానే మోసుకుపోతూ ఉంటుంది.

దూరం పోయే విమానం అచ్చంగా ఈ బండే. బస్సు దారి పక్కన ఆగి డీజిలు పోయించుకోగలదు. సముద్రం మీద అటువంటి బంకు లేదు. కనక చిట్టచివరి గంటలో కాల్చబోయే కిరోసిన్‌ను కూడా మొదటి గంట నుంచీ మొయ్యాలి. (అవును, జెట్ విమానాలు కాల్చేది బాగా శుద్ధి చేసిన ఒక రకం కిరోసిన్‌నే.)

ఇది ఎంత భారమో లెక్క కట్టి చూద్దాం. విమానం గాలిలో నిలబడటానికి, ముందుకు పోవడానికి గంటకు తన బరువులో సుమారు 3 శాతం ఇంధనం కాలుస్తుందనుకోండి. లెక్క సులువు కావడానికి తీసుకున్న అంకె ఇది. అయినా పెద్ద పాత విమానాల విషయంలో నిజానికి అట్టే దూరం కాదు. ఇప్పుడు సామానుతో కలిపి 100 కిలోలున్న ఒక ప్రయాణికుణ్ణి గమ్యం చేర్చాలి. దిగే క్షణం నుంచి వెనక్కి లెక్కపెడదాం. దిగడానికి గంట ముందు అతని వాటా బరువు 103 కిలోలుండాలి. రెండు గంటల ముందు ఆ 103 మీద మళ్ళీ 3 శాతం. మూడు గంటల ముందు దాని మీద మళ్ళీ 3 శాతం. ఈ లెక్క మీరెరిగినదే కదా? చక్రవడ్డీ! ఇక్కడ అప్పు 100 కిలోలు, వడ్డీ కిరోసిన్.

మూడు గంటల ప్రయాణానికి వడ్డీ 9 కిలోలు. తొమ్మిది గంటలకు 30 కిలోలు. పద్దెనిమిది గంటలకు 70 కిలోలు. తొమ్మిది గంటలకు 30 అయినప్పుడు దానికి రెట్టింపు సేపటికి 60 కావాలి కదా, ఆ పైన ఉన్న 10 కిలోలు ఎక్కడివి? అవే వడ్డీ మీద వడ్డీ. అంటే ఇంధనాన్ని మొయ్యడానికి కాలిన ఇంధనం.

ఒక మనిషికి పది కిలోలేగా అని కొట్టిపారెయ్యకండి. మనిషితో పాటు రెక్కలు, తోక, ఇంజన్లు, కుర్చీలు, భోజనాల బళ్ళు అన్నీ గమ్యం చేరాలి. అన్నీ కలిపి దిగేటప్పుడు 200 టన్నులుండే విమానాన్ని తీసుకుందాం. మధ్యలో ఆగకుండా 18 గంటలు పోతే 140 టన్నులు కాలుస్తుంది. సగం దారిలో దిగి, ట్యాంకు నింపుకుని మళ్ళీ ఎగిరితే 61, 61 కలిపి 122 టన్నులు. తేడా 18 టన్నులు. మళ్ళీ పైకి ఎక్కడానికి కొంత ఎక్కువ కాలుతుంది, దిగినందుకు విమానాశ్రయానికి రుసుం కట్టాలి, దారి కాస్త వంకర కావచ్చు. ఇవన్నీ పోను కూడా తరచు ఎంతో కొంత మిగులుతుంది. ఇంకో సంగతి: కిలో కిరోసిన్ కాలితే గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి 3 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అంటే ఆ 18 టన్నుల తేడా ఆకాశంలోకి 55 టన్నులకు పైగా పొగగా చేరుతుంది.

సరే, ఆగకుండా పోవడం ఎప్పుడూ ఖరీదైన పనే అని తేలింది. ఆ ఖరీదు ఎవరో ఒకరు ఇచ్చుకోవాలి. ఎవరిస్తారు?

నూరు కుర్చీల ప్రయోగం

2004లో ఆ సర్వీసుకు వాడినది ఎయిర్‌బస్ ఎ-340-500 అనే విమానం. నాలుగు ఇంజన్లు. ట్యాంకులు నిండా పోస్తే సుమారు 2 లక్షల 15 వేల లీటర్లు పడుతుంది, తూకం వేస్తే 170 టన్నులు. విమానం నేల వదిలేటప్పుడు అనుమతించిన గరిష్ఠ బరువే 370 టన్నుల పైచిలుకు. అంటే పైకి లేచే బరువులో దగ్గర దగ్గర సగం కిరోసినే! మామూలుగా 300 మంది పట్టే ఆ విమానంలో 181 కుర్చీలే వేశారు.

2008లో ఆ 181 కూడా తీసేసి నూరే కుర్చీలు వేశారు. అన్నీ బిజినెస్ తరగతివే, పడుకోవడానికి వీలైనవి. ఇది పిచ్చిపని అనిపిస్తోందా? కాదు, దాని వెనక లెక్క ఉంది. మధ్యలో ఒకచోట దిగి వెళితే కొన్ని గంటలు ఆలస్యం అవుతుంది. సెలవులకు బంధువుల ఇంటికి వెళ్ళేవాడు ఆ గంటల కోసం ఎక్కువ డబ్బు పెట్టడు. బ్యాంకుల అధికారులకు, పెద్ద కంపెనీల వాళ్ళకు గంటలు విలువైనవి, పైగా టిక్కెట్టు డబ్బు కంపెనీ ఇస్తుంది. అందుకని ఆ డబ్బు పెట్టగల వాళ్ళనే ఎక్కించుకుందాం అనుకున్నారు. సింగపూరులోనూ న్యూయార్కులోనూ బ్యాంకులకు కొదవ లేదు.

లెక్క బాగానే ఉంది. కాలం బాగుండలేదు. 2004లో పీపా ముడి చమురు సుమారు 40 డాలర్లు. 2008 జూలైలో అది 147 డాలర్లకు ఎగబాకింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికాలో పెద్ద బ్యాంకులే కూలిపోయాయి, అంటే టిక్కెట్లు కొనేవాళ్ళే కూలిపోయారన్నమాట. చమురు ధర తర్వాత దిగినా, 2011 నుంచి 2013 దాకా మళ్ళీ వంద డాలర్లకు పైనే నిలిచింది. నింపిన ట్యాంకును నూరు మందికి పంచి చూడండి: తలకు 2,150 లీటర్లు. ఇంటికి నెలకు ఒక గ్యాస్ సిలిండరుతో గడుపుకునే మనకు ఈ అంకె నమ్మశక్యం కాదు. చివరికి కంపెనీ కొత్త విమానాలకు ఆర్డరు ఇస్తూ, ఆ బేరంలో భాగంగా తన అయిదు ఎ-340-500 విమానాలను తయారీదారుకే తిరిగి ఇచ్చేసింది. దారి మూతపడింది. న్యూయార్కు వెళ్ళేవాళ్ళు ఆ కంపెనీ విమానంలోనే జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి వెళ్ళసాగారు.

రెండు ఇంజన్ల మీద సముద్రం దాటడం

ఇంత దూరానికి నాలుగు ఇంజన్ల విమానాన్నే ఎందుకు తీసుకున్నారు? రెండు ఇంజన్లు చాలవా? దీనికి ఒక పాత కథ ఉంది. 1953లో అమెరికా ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. రెండు ఇంజన్ల విమానం ఎక్కడున్నా ఒక ఇంజను ఆగిపోతే రెండోదానితో 60 నిమిషాల్లో ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలి. ఆనాటి పిస్టన్ ఇంజన్లు మధ్యదారిలో మొరాయించడం మామూలే, కనక ఆ భయం సబబైనదే. దాంతో మహాసముద్రాల నడిమధ్య దారులు రెండు ఇంజన్ల విమానాలకు దొరికేవి కావు. జెట్ ఇంజన్లు వచ్చాక అవి ఆగిపోవడం చాలా అరుదైపోయింది. 1985లో 60 నిమిషాలను 120కి పెంచారు. తర్వాత 180 అయింది. 2014లో ఎయిర్‌బస్ ఎ-350కి 370 నిమిషాల దాకా అనుమతి దొరికింది. అంటే ఆరు గంటలకు పైగా ఒకే ఇంజను మీద ఎగరగలదని నమ్మకం కుదిరిందన్నమాట. ఇక సముద్రంలో నిషిద్ధమైన చోటు దాదాపు లేకుండా పోయింది.

2018లో ఆ మూసిన దారిని మళ్ళీ తెరిచింది ఈ ఎ-350లోనే అతిదూరం పోయే రకం. దాని ఇంజను ముందున్న పంకా వ్యాసం 3 మీటర్లు, పాత ఎ-340 ఇంజను పంకా 2.5 మీటర్ల లోపు. పంకా పెద్దదైతే ఏమిటి లాభం? ఇక్కడ మీరు తొమ్మిదో తరగతిలో చదివే రెండు సూత్రాలు పనికొస్తాయి. విమానాన్ని ముందుకు తోసేది వెనక్కి నెట్టిన గాలి ద్రవ్యవేగం, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది. దానికి ఖర్చయ్యేది గతిశక్తి, అంటే ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వచ్చేది. సెకనుకు 1 కిలో గాలిని 20 మీటర్ల వేగంతో నెట్టారనుకోండి. ద్రవ్యవేగం 20, శక్తి 200. అలా కాక 2 కిలోల గాలిని 10 మీటర్ల వేగంతో నెడితే? ద్రవ్యవేగం మళ్ళీ 20, శక్తి మటుకు 100. తోపు అంతే, ఖర్చు సగం! ఎక్కువ గాలిని నెమ్మదిగా నెట్టడమే మేలు. అందుకే కొత్త విమానాల ఇంజన్లు ఏనుగు తలకాయల్లా అంతంత పెద్దగా ఉంటాయి.

రెండో మార్పు ఒంటి బరువులో. ఎ-350 శరీరంలో సగానికి పైగా అల్యూమినియం కాదు, కార్బన్ పోగులను జిగురులో కూర్చి గట్టిపరచిన పదార్థం. పాతకాలపు మట్టిగోడల్లో గడ్డి కలిపి తొక్కేవారు చూడండి, ఉపాయం అదే. పోగు లాగుడును తట్టుకుంటుంది, చుట్టూ ఉన్నది పోగును పట్టి ఉంచుతుంది. అంత బలమున్న లోహం కంటె ఇది చాలా తేలిక.

ఇప్పుడు మన చక్రవడ్డీ లెక్కకు మళ్ళీ వెళ్దాం. ఇంజను మెరుగై వడ్డీ 3 నుంచి 2.5 శాతానికి దిగిందనుకోండి. అర శాతమేగా? 200 టన్నుల విమానానికి 18 గంటల ఇంధనం 140 నుంచి 112 టన్నులకు పడిపోతుంది. ఒళ్ళు కూడా తగ్గి దిగేటప్పటి బరువు 170 టన్నులే అయితే 95 టన్నులు చాలు. వడ్డీ వ్యాపారుల చేతిలో చిక్కిన రైతుకు చక్రవడ్డీ శత్రువు. ఇంజనీరుకు మటుకు అది మిత్రుడు. అతను మొదట్లో తగ్గించిన కొద్దిపాటి బరువూ, కొద్దిపాటి శాతమూ చివరికి కొండంత అవుతాయి.

ఈ కొత్త విమానం లేచేటప్పుడు గరిష్ఠ బరువు 280 టన్నులు, ట్యాంకుల్లో పట్టేది 1 లక్ష 65 వేల లీటర్లు, కుర్చీలు 161. తలకు వెయ్యి లీటర్ల చిల్లర. పాతదానిలో సగం కూడా కాదు. 2018లో చమురు ధర కూడా 70 డాలర్ల దరిదాపుల్లో ఉండటం కలిసొచ్చింది. దారి బతికింది. 2020 నవంబరులో న్యూయార్కులోని కెనడీ విమానాశ్రయానికి కూడా ఇలాగే ఆగని సర్వీసు పెట్టారు.

ఈ సర్వీసులో ఒక ముచ్చట ఉంది, చెప్పకుండా ఉండలేను. ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జోరుగా వీచే గాలులున్నాయి, జెట్ స్ట్రీమ్ అంటారు. వాటికి ఎదురెళితే ఇంధనం వృథా. కనక సింగపూరు నుంచి వెళ్ళేటప్పుడు తరచు పసిఫిక్ మీదుగా తూర్పుకు పోతారు. తిరిగి వచ్చేటప్పుడు కూడా తరచు అట్లాంటిక్, యూరపుల మీదుగా మళ్ళీ తూర్పుకే వస్తారు. అంటే ఒక రాకపోకకు భూప్రదక్షిణం పూర్తవుతుంది! మనం బిగించిన దారం కంటె ఈ దారులు పొడుగే, అయినా గాలి తోడుంటే ఖర్చు తక్కువ.

అయితే ఈ దారి ఇప్పటికీ సామాన్యుడిది కాదని గుర్తుంచుకోండి. ఆ 161 కుర్చీల్లో 67 బిజినెస్ తరగతివి, మిగిలిన 94 ఎక్కువ ధర పెట్టే ప్రత్యేక తరగతివి. మామూలు చవక కుర్చీ ఒక్కటీ లేదు. సరుకులు పెట్టే ముందు గదిని వాడకుండా మూసేశారు. నలుగురు పైలట్లు వంతులవారీగా నిద్రపోతూ నడపాలి. పోవడానికి 18 గంటలు, రావడానికి 18 గంటలు, మధ్యలో శుభ్రం చేసి నింపుకునే వేళ. రోజూ ఒక సర్వీసు నడపాలంటే రెండు విమానాలను దానికే కట్టెయ్యాలి. అవే విమానాలు దగ్గరి ఊళ్ళకు తిరిగితే ఎంత సంపాదించేవో కూడా కంపెనీ లెక్కలో ఉంటుంది.

గేట్లు మూసిన ఆకాశం

ఇంధనమూ విమానమూ బాగున్నా దారి పోయే సందర్భం ఒకటుంది. ఆకాశానికి కూడా సరిహద్దులున్నాయి. ఒక దేశం తన మీదుగా రావద్దంటే చుట్టు తిరిగి పోవలసిందే. ఫిన్లండ్ దేశపు ఫిన్‌ఎయిర్ కంపెనీ రష్యా మీదుగా జపాను చేరడానికి దగ్గరి దారి మా ఊరే అని దాని మీదే వ్యాపారం పెంచుకుంది. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలై రష్యా ఆకాశం మూతపడేసరికి తొమ్మిదిన్నర గంటల టోక్యో ప్రయాణం పదమూడు గంటలకు చేరింది. లండను నుంచి బీజింగ్ వెళ్ళే సర్వీసును బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2024 అక్టోబరులో ఆపింది. చైనా కంపెనీలకు రష్యా ఆకాశం తెరిచే ఉంది, వాటితో పోటీ ఎలా? మన దగ్గరా అంతే. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశాన్ని మన విమానాలకు మూసేసింది. ఎయిరిండియా 2025 సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ - వాషింగ్టన్ సర్వీసును ఆపుతూ రెండు కారణాలు చెప్పింది: ఒకటి ఈ చుట్టుదారి, రెండోది బోయింగు విమానాలను నవీకరణకు పంపడం వల్ల వచ్చిన కొరత.

మరి హైదరాబాదు?

అమెరికాలో ఇంతమంది తెలుగువాళ్ళున్నారే, హైదరాబాదు నుంచి నేరుగా విమానం ఎందుకు నడవదు అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. ఒకసారి నడిచింది. 2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాదు - చికాగో సర్వీసు మొదలుపెట్టింది. 13 వేల కిలోమీటర్ల పైచిలుకు దూరం, 238 కుర్చీల బోయింగ్ 777 విమానం. కాని వారానికి ఒక్కటే. అదీ ఎక్కువకాలం నిలవలేదు.

జనం చాలక అని తేల్చెయ్యకండి. అమెరికా వెళ్ళే తెలుగువాళ్ళంతా చికాగోకే వెళ్ళరు. ఒకరు డాలస్, ఒకరు న్యూజెర్సీ, ఇంకొకరు కాలిఫోర్నియా. మన వైపు పది ఊళ్ళు, అక్కడ పది ఊళ్ళు ఉన్నాయనుకోండి. ప్రతి ఊరి నుంచీ ప్రతి ఊరికీ నేరుగా నడపాలంటే 100 సర్వీసులు కావాలి, ఏదీ నిండదు. మధ్యలో దుబాయిలాంటి ఒక కూడలి పెట్టుకుంటే 20 సర్వీసులు చాలు, అన్నీ నిండుతాయి. హైదరాబాదు వాళ్ళు, చెన్నై వాళ్ళు, కొచ్చి వాళ్ళు దుబాయిలో కలిసి ఒకే పెద్ద విమానంలో చికాగో పోతారు.  అంచేత టిక్కెట్టు చవక. మనవాళ్ళలో ఎక్కువమంది చదువుకునే పిల్లలు, వాళ్ళను చూడబోయే తల్లిదండ్రులు. చవకైన టిక్కెట్టు దొరికితే ఆరు గంటలు దుబాయి బెంచీ మీద కూర్చోవడానికి సిద్ధపడతారు. ఎక్కువ ఛార్జీ పెట్టి, పడుకునే కుర్చీలను వారంలో ఏడు రోజులూ నింపే వాళ్ళు కొందరుండాలి. వాళ్ళు సింగపూరుకు దొరికారు. హైదరాబాదులోనూ పెద్ద కంపెనీలు చాలా వెలిశాయి, ఆ సంఖ్య పెరుగుతోంది కూడా.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. హైదరాబాదు నుంచి చికాగోకు 16 గంటలనుకోండి. దిగేటప్పుడు 200 టన్నులుండే పాతరకం విమానానికి గంటకు 3 శాతం చొప్పునా, 170 టన్నుల కొత్తరకానికి 2.5 శాతం చొప్పునా ఎంత ఇంధనం కావాలో కట్టండి. తర్వాత మధ్యలో దుబాయిలో దిగితే ఎంతో కూడా కట్టండి. హైదరాబాదు నుంచి దుబాయికి 4 గంటలు, అక్కణ్ణుంచి చికాగోకు 15 గంటలు. దుబాయి సగందారిలో లేదు కనక మిగులు రాదు సరికదా, ఇంధనం ఇంకా ఎక్కువే కావాలి. ఎంత ఎక్కువ కావాలో మీకే తెలుస్తుంది.